కనుమ రోజు కంట్రోల్ ఎవరు పెట్టారు?

వేదిక మీద ఉన్న పెద్దలందరికీ నమస్కారం. పేర్లు చదవడం మొదలుపెడితే భోజనాల టైమ్ అయిపోతుంది, వదిలేస్తున్నాను. నన్ను మన ల్యాబ్ టెక్నీషియన్ వృత్తి గొప్పదనం మీద మాట్లాడమన్నారు. టైముంటే అదీ చెప్తాను గానీ, ముందు కంట్రోల్ సంగతి.

కంట్రోల్ అంటే మీకు తెలుసు. రీడింగ్ ఎంత రావాలో ముందే తెలిసిన సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం. పేషెంట్ శాంపిల్స్ కంటే ముందు దాన్ని మెషిన్లో పెడతాం, ఒకటి నార్మల్ లెవెల్, ఒకటి అబ్‌నార్మల్. తెలిసినదాన్నే తప్పు చెప్పే మెషిన్ తెలియనిదాన్ని సరిగ్గా చెప్తుందా? ఆ రీడింగుల్ని రోజూ చార్ట్ మీద చుక్కలుగా పెట్టే పద్ధతిని ల్యాబుల్లోకి తెచ్చింది లెవీ, జెన్నింగ్స్ అని ఇద్దరు అమెరికన్లు, 1950లో. ఇదంతా పుస్తకంలో ఉంది.

పుస్తకంలో లేనిది చెప్తాను. ఓసారి ఓ ల్యాబ్ చూడమని పిలిచారు, ఏ ఊరో అడక్కండి. ఏసీ గది, కొత్త ఎనలైజర్, గోడకి సర్టిఫికెట్లు. కంట్రోల్ రిజిస్టర్ తెరిస్తే గ్లూకోజ్ 99, 100, 101, మళ్ళీ 99, 100, 101, నెలంతా ఒకే పెన్ను, ఒకే చేతిరాత. జనవరి పేజీ తిప్పాను. కనుమ రోజు కూడా 100! అక్కడ ఊడుస్తున్న ఆవిడ నవ్వి, "పండక్కి మూడ్రోజులు తాళమేశారు గదండీ" అంది. ఫ్రిజ్‌లో చూస్తే కంట్రోల్ వయల్ ఒక్కటీ లేదు. ఓనరు గారేమో, "రోజూ రెండు టెస్టుల రీజెంట్ దండగ కదండీ" అన్నాడు. రీజెంట్ అంటే టెస్టుకి వాడే రసాయనం. లక్షలు పోసి మెషిన్ కొన్నవాడికి ఇది దండగట! నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అక్కడ ఇచ్చిన షుగర్ రిపోర్టు చూసి ఎంతమందికి ఇన్సులిన్ డోసు మార్చి ఉంటారో.

వెనక బెంచీ వాళ్ళు కాస్త ఫోన్లు పక్కన పెట్టండి, ఇది పరీక్షలో రాదు, డ్యూటీలో వస్తుంది.

రెండో రకం అబద్ధం ఇంకా ముద్దుగా ఉంటుంది. సగటు 100, ఎస్డీ, అంటే రీడింగులు సగటుకి మామూలుగా ఎంత అటూ ఇటూ పోతాయో చెప్పే కొలత, 3 అనుకోండి. రెండు ఎస్డీలు అటూ ఇటూ, 94 నుంచి 106 లోపల రావాలి. 110 వచ్చింది. మళ్ళీ పెట్టారు, 107. మళ్ళీ పెట్టారు, 105. "పాసైంది సార్!" ఏం పాసైంది? రెండు ఎస్డీలు దాటడం అంతా బాగున్నా నూటికి నాలుగైదు సార్లు జరుగుతుంది, అది హెచ్చరిక మాత్రమే. మూడు ఎస్డీలు దాటితే మాత్రం రిపోర్టులు ఆపాల్సిందే, కారణం వెతకాల్సిందే. రీజెంటా, మెషిన్ కొలతని సరిచేసే క్యాలిబ్రేషనా, పొడిగా వచ్చిన కంట్రోల్ వయల్లో నీళ్ళు అయిదు ఎంఎల్ బదులు నాలుగున్నర పోశారా? అన్నీ లోపలే ఉండి కూడా వరసగా పది చుక్కలు సగటుకి ఒకే పక్క పడితే ఏదో జరుగుతోందని అర్థం. అందుకే అంకె రాసి ఊరుకోకండి, చార్ట్ గీయండి.

అయితే కంట్రోల్ అన్నీ పట్టుకోదు. ట్యూబ్ మీద వేరే పేషెంట్ పేరుంటే దానికేం తెలుస్తుంది? రక్తం తీసేటప్పుడు కణాలు పగిలి పొటాషియం పెరిగితే కంట్రోల్ మాత్రం చక్కగా లోపలే ఉంటుంది. అక్కడ మీ కళ్ళే దిక్కు.

వృత్తి గొప్పదనానికి టైమ్ లేదంటున్నారు, మంచిదే. ప్రిన్సిపాల్ గారూ, మీరు ఏమీ అనుకోకపోతే పిల్లల్ని తీసుకుని మీ ల్యాబ్‌కి వెళ్దాం, ఫ్రిజ్‌లో కంట్రోల్ ఎక్స్‌పైరీ డేట్ ఎంతుందో చూడాలి.