ఎల్-1లో చివరి ఏడాది: వదినతో మళ్లీ కాసేపు

మరిది: రికార్డింగ్ మొదలైంది వదినా. ఈసారి కుక్కర్ లేదు కదా?

వదిన: స్టవ్ కట్టేసే కూర్చున్నాను. నువ్వు చెప్పు.

మరిది: ఈ రోజు ఎల్-1 గడువు గురించి. హైదరాబాద్ ఆఫీసులో పనిచేసే మనిషిని అదే కంపెనీ అమెరికా ఆఫీసుకి పంపితే ఇచ్చే వీసా ఇది. నాలాంటి స్పెషలైజ్డ్ నాలెడ్జ్ వాళ్లకి ఎల్-1బి, మొత్తం ఐదేళ్లు. మేనేజర్లకి ఎల్-1ఎ, ఏడేళ్లు. మామూలుగా మొదట మూడేళ్లు, తర్వాత రెండేసి...

వదిన: బోర్డింగ్ పాసులు దాస్తున్నావా?

మరిది: అప్పుడే మొదలుపెట్టారా!

వదిన: వినేవాళ్లకి అదే ముఖ్యం. ఐదేళ్లంటే అమెరికాలో ఉన్న రోజులే లెక్క. చెల్లెలి పెళ్లికి వచ్చి 40 రోజులు ఇక్కడ ఉంటే ఆ 40 రోజులూ తిరిగి అడగొచ్చు. రీక్యాప్చర్ అంటారు. నిరూపించుకోవాల్సింది మాత్రం మనమే. మీ అన్నయ్య టికెట్లన్నీ పారేశారు.

మరిది: నాకు డిసెంబరుతో ఐదేళ్లు నిండుతాయి. మార్చిలో కంపెనీవాళ్లు హెచ్-1బి లాటరీకి, అదే ఇంకో రకం ఉద్యోగ వీసాకి, వేస్తామన్నారు.

వదిన: వస్తే ఎన్నాళ్లు?

మరిది: ఆరేళ్లు కదా.

వదిన: కాదయ్యా. ఎల్-1లో గడిపినవి ఆ ఆరేళ్లలోంచే పోతాయి. నీకు మిగిలేది ఏడాది చిల్లర. ఈలోగా గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయితే హెచ్-1బిని ఆరేళ్లు దాటినా పొడిగిస్తారు. ఎల్-1కి ఆ దారి లేదు. ఐదేళ్లు నిండాక మళ్లీ ఎల్-1 కావాలంటే ఏడాది బయట ఉండి రావాలి. అది సరే, మీ బాబుకి చెప్పారా?

మరిది: ఏమని? లాటరీ తేలకుండా వాణ్ణి భయపెట్టడం ఎందుకు?

వదిన: భయపెట్టమనలేదు. అక్షరాలు నేర్పమంటున్నాను.

మరిది: వదినా, మన టాపిక్ అది కాదు.

వదిన: నాకు అదే టాపిక్. మేం అమెరికా నుంచి తిరిగొచ్చేసరికి పాపకి ఎనిమిదేళ్లు. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక సీబీఎస్‌ఈ బళ్లలోనూ తెలుగు చదవాల్సిందే. గడగడా మాట్లాడేది, అ ఆలు రాయడం రాదు. ఒత్తులు దిద్దుతూ ఏడ్చేది. తెలుగు నోట్‌బుక్ బ్యాగులో అడుగున దాచేది, నేను చూడకూడదని. వెళ్లిన రోజునే తిరిగొచ్చే ఏడాది తెలుసు నాకు. అయినా నేర్పలేదు.

మరిది: ఇక్కడ ఆదివారం తెలుగు క్లాసు ఉంది. వాడికి అదే రోజు సాకర్.

వదిన: రోజూ పావుగంట చాలు. నువ్వే కూర్చోబెట్టు.

మరిది: మీకు తేలికే. నేను పలక తీస్తే "ఇండియా వెళ్లిపోతున్నామా" అని అడుగుతాడు. ఏం చెప్పను?

వదిన: ...

మరిది: కోపంగా అనలేదు.

వదిన: తెలుసు. మా పాప కూడా అడిగింది. మూడుసార్లు. లేదన్నాను.

మరిది: మా ఆవిడకీ టెన్షనే. 2021 నవంబరు నుంచి ఎల్-2 మీద, అంటే ఎల్-1 వాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద, ఉన్న భార్యాభర్తలకి విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు. అమెరికాలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు, కొత్త ఐ-94 మీద ఎల్-2ఎస్ అని ఉంటే చాలు. ఆ ధైర్యంతోనే ఉద్యోగంలో చేరింది. నా గడువు అయిన రోజే తన ఉద్యోగానికీ ఆఖరు.

వదిన: ఆ వర్క్ పర్మిట్ కార్డు కోసమే నేను నెలల తరబడి ఖాళీగా కూర్చున్నాను. చేతికొచ్చిన ఉద్యోగం వదులుకున్నాను. తనకి నేను ఫోన్ చేస్తాలే. మీ ఇండియా ట్రిప్పులు రెండా, మూడా?

మరిది: మూడు. బోర్డింగ్ పాసులు... రెండు ట్రిప్పులవి ఉన్నాయి.

వదిన: మూడోదానికి పాస్‌పోర్టులో ముద్రలు చూడు. ఇవాళే చూడు.

మరిది: చూస్తాను. ఒక్క నిమిషం... ఏంట్రా, ఇంకా పడుకోలేదా? పెద్దమ్మతో మాట్లాడుతున్నాను.

వదిన: వాడికివ్వు ఫోను.

మరిది: రికార్డింగ్ నడుస్తోంది వదినా.

వదిన: ఆపెయ్. ముందు వాడికివ్వు.