మొదటి ఆల్బమ్‌లో చివరి మాట ఎవరిది?

అందరికీ నమస్కారం. జానపద బాణీలో సొంతంగా పాటలు కట్టి పాడుకునే కళాకారులు తొలి ఆల్బమ్ తెస్తున్నారంటే చాలామంది ఊహ ఒకటే. ఒక గిటారు, ఒక గొంతు, ఒక మైకు. ఖర్చు తక్కువ, హడావిడి తక్కువ, పాట వచ్చినవాళ్లకి అదేమంత పని అని. ఆ ఆల్బమ్‌లు తయారైన తీరు గురించి చదువుతుంటే మాత్రం నాకు వేరే సంగతి కనపడింది. ఇంత చిన్న సరంజామా చుట్టూ జరిగిన గొడవలు అన్నీ ఇన్నీ కావు. అవన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తాయి. పాట పక్కన ఇంకేం చేర్చాలి? ఏమీ వద్దని పాటగాడు అంటే, ఆ మాట నెగ్గుతుందా?

ముందు గొడవ లేని కథతో మొదలుపెడదాం. 1961 నవంబర్, న్యూయార్క్. కొలంబియా రికార్డు కంపెనీ స్టూడియోలోకి 20 ఏళ్ల బాబ్ డిలాన్ గిటారు, మౌత్ ఆర్గాన్ పట్టుకుని వెళ్లాడు. నవంబర్ 20న, 22న పాడాడు. అంతే, ఆల్బమ్ అయిపోయింది. మొత్తం ఖర్చు 402 డాలర్లని చెబుతారు. ప్రొడ్యూసర్ జాన్ హమండ్ సామాన్యుడు కాదు, జాజ్ గాయని బిల్లీ హాలిడే లాంటి గొంతును వెలుగులోకి తెచ్చిన మనిషి. ఆయనకి ఈ కుర్రాడితో చుక్కలు కనపడ్డాయి. 'ప' అన్నప్పుడల్లా గాలి వెళ్లి మైకుకి తగిలేది, 'స' అంటే ఈల వినపడేది, పాడుతూ పాడుతూ మైకు వదిలి పక్కకి జరిగిపోయేవాడు. ఇంకోసారి పాడతావా అని అడిగితే వద్దన్నాడు. ఒకే పాటని వెంటవెంటనే రెండుసార్లు పాడటం తన వల్ల కాదన్నాడు.

1962 మార్చిలో ఆల్బమ్ విడుదలైంది. మొదటి ఏడాది అమ్ముడైనవి దాదాపు 5 వేల కాపీలు. కంపెనీలో వాళ్లు ఆ కుర్రాణ్ణి 'హమండ్ చేసిన తెలివితక్కువ పని' అని వెక్కిరించారు. అందులో 13 పాటలుంటే డిలాన్ సొంతంగా రాసినవి రెండే. మిగతావి పాత పాటలు, వేరేవాళ్ల పాటలు.

ఇది విని ఆశ్చర్యపోకండి. అప్పటి జానపద గాయకుల లోకంలో అదే పద్ధతి. 1960లో వచ్చిన జోన్ బేజ్ తొలి ఆల్బమ్ చూడండి. అందులో చాలావరకు తరతరాలుగా జనం నోట నలిగిన పాటలే. 19 ఏళ్ల అమ్మాయి, ఒక హోటల్లోని నాట్యశాలలో రికార్డింగ్. బుధవారం మాత్రం కుదరదు, ఎందుకంటే ఆ రోజు అదే హాల్లో బింగో ఆట ఉండేదట! అలా తయారైన రికార్డు ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాచిపెట్టిన రికార్డుల జాబితాలో ఉంది.

పాత పాట ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా పాడుకోవచ్చు. ఇక గొడవేముంది అంటారా? ఉంది. డిలాన్ తొలి ఆల్బమ్‌లో ఒక పాత పాటకి వేసిన గిటారు వరస అతనిది కాదు. డేవ్ వాన్ రాంక్ అని, న్యూయార్క్‌లో జానపద గాయకులు చేరే గ్రీనిచ్ విలేజ్ పేటలో అందరికీ పెద్దన్న లాంటి గాయకుడు. ఆ పాటకి స్వరాలు మార్చి కొత్త అందం తెచ్చింది ఆయన. తానే త్వరలో రికార్డు చేద్దామనుకుంటున్నాడు. డిలాన్ వచ్చి, మీ వరసలో ఆ పాట నేను రికార్డు చేయొచ్చా అని అడిగాడు. కొన్నాళ్లు ఆగు అన్నాడాయన. ఇబ్బందిగా నవ్వి డిలాన్ అన్నది ఏమిటంటే, ఇప్పటికే చేసేశానని. ఆ తర్వాత వాన్ రాంక్ ఎక్కడ ఆ పాట పాడినా, డిలాన్ పాట కొట్టేశావు అనేవారు. విసిగిపోయి పాడటమే మానేశాడు. 1964లో యానిమల్స్ అనే ఇంగ్లాండ్ బ్యాండ్ అదే పాటతో పెద్ద హిట్ కొట్టింది. అప్పుడు డిలాన్‌ని జనం అడగడం మొదలుపెట్టారు, యానిమల్స్ పాట కాపీ కొట్టావా అని. అతనూ మానేశాడు. వాన్ రాంక్ ఈ కథని ఎంత సంబరంగా చెప్పుకునేవాడో!

నాకిందులో నచ్చేది ఆ నవ్వులాట మాత్రమే కాదు. పాట అందరిదీ అయినప్పుడు పాడేవాడి సొంతమయ్యేది దాన్ని వినిపించే తీరు ఒక్కటే. ఆ తీరు చేజారితే వాన్ రాంక్ లాంటి పెద్దాయన కూడా తన పాట తానే పాడుకోలేకపోయాడు. డిలాన్ రెండో ఆల్బమ్ 1963లో వచ్చేసరికి 13 పాటల్లో 11 అతను రాసినవే. అక్కడి నుంచి రాసేవాళ్లే పాడటం రివాజైంది. పాట నాది, మాట నాది, మరి ఆల్బమ్‌లో అది ఎలా వినపడాలో చెప్పేది ఎవరు?

ఇక్కడికి లియనార్డ్ కోహెన్ వస్తాడు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అసలు కథ ఈయనదే. తొలి ఆల్బమ్ నాటికి ఆయన వయసు 33. కెనడాలో అప్పటికే పేరున్న కవి, నవలలు కూడా రాశాడు. ఆయన పాటని జూడీ కాలిన్స్ 1966లోనే పాడి జనంలోకి తీసుకెళ్లింది. అంటే కుర్రతనం లేదు, తనకేం కావాలో తెలుసు. అయినా స్టూడియోలోకి వెళ్లేసరికి బెరుకు. ఇంట్లో అద్దం ముందు కూర్చుని పాడుకునే అలవాటు కాబట్టి స్టూడియోలో కూడా నిలువుటద్దం పెట్టించుకున్నాడు.

ఆయన్ని కంపెనీలోకి తెచ్చింది మళ్లీ జాన్ హమండే. హమండ్ మధ్యలో తప్పుకోవడంతో జాన్ సైమన్ అనే యువ ప్రొడ్యూసర్ వచ్చాడు. మంచి సంగీతం తెలిసినవాడు. ఈ పాటలు మరీ బోసిగా ఉన్నాయి, తీగవాద్యాలు పెడదాం, కోరస్ పెడదాం అన్నాడు. కోహెన్‌కి కావాల్సింది ఆ బోసితనమే. మాట మాట పెరిగింది. చివరికి సైమన్, నీకు నచ్చినట్టు నువ్వే మిక్సింగ్ (శబ్దాలన్నీ పాళ్లు చూసి కలిపే పని) చేసుకో అని సెలవు మీద వెళ్లిపోయాడు. కోహెన్ కూర్చుని తనకి అక్కర్లేదనుకున్నవి ఒక్కొక్కటే తీసేయబోయాడు. కొన్ని రాలేదు. ఆ టేపుకి ఉన్నవి నాలుగే ట్రాకులు, అంటే శబ్దాల్ని విడివిడిగా పట్టే వరసలు. చోటు చాలక రెండు మూడు శబ్దాల్ని కలిపి ఒకే ట్రాకులోకి ఎక్కించేవారు. పాలల్లో కరిగిన చక్కెరని మళ్లీ తీయగలమా? అలాగే ఉండిపోయాయి.

దీని మీద ఆయన పాటల పుస్తికలో రాసిన నాలుగు ముక్కలు నాకు భలే ఇష్టం. పాటలకీ, వాద్యసంగీతానికీ పరిచయమైందట, ఒకరి మీద ఒకరికి కాస్త ఇష్టం కూడా కలిగిందట, కానీ పాతకక్షల వల్ల పెళ్లి కుదరలేదట. అయినా సరే సంగీతం విందు ఇస్తానని పట్టుబట్టిందట. కవితో గొడవ పడితే ఇలాగే ఉంటుంది, ఊరికే పోదు. 1967 డిసెంబర్ చివర్లో వచ్చిన ఆ ఆల్బమ్‌ని ఇవాళ గొప్ప తొలి ఆల్బమ్‌ల వరసలో పెడతారు. జాన్ సైమన్‌ని నేను విలన్‌ని చేయడం లేదు. ఆయన చేర్చిన ఆడగొంతుల కోరస్ నాకు నచ్చుతుంది కూడా. ఆ తర్వాత జీవితమంతా కోహెన్ తన మోటు గొంతు పక్కన ఆడగొంతులు పెట్టుకున్నాడు కదా, మరి!

సరే, ఏమీ చేర్చకపోతే క్షేమమా? అదీ లేదు. జోనీ మిచెల్ తొలి ఆల్బమ్ 1968లో. ప్రొడ్యూసర్ డేవిడ్ క్రాస్బీ పని ఒకటే, కంపెనీ వాళ్లని ఆమె పాటల జోలికి రానివ్వకపోవడం. ఆమె గిటారు మీద ఎవరికీ అర్థం కాని శ్రుతులు ఉండేవి. చిన్నప్పుడు పోలియో రావడంతో ఎడమచేతిలో పట్టు తగ్గింది, మామూలు శ్రుతిలో వేళ్లు పెట్టడం కష్టమై తనకి వీలైనట్టు తీగలు సరిచేసుకుంది. దాని మీద డ్రమ్స్ మోగిస్తే పాట పోతుందని క్రాస్బీకి తెలుసు. అంతవరకు బంగారం. కానీ ఆమెని పెద్ద పియానో దగ్గర నిలబెట్టి, గొంతుకి ఆ తీగలు స్పందిస్తాయి కదా, ఆ ప్రతిధ్వని కూడా పట్టుకుందామని అదనంగా మైకులు పెట్టాడు. టేపు నిండా సన్నటి హోరు. ఆ హోరు తీయబోతే గొంతులోని మెరుపు కూడా పోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత, 2021లో, ఆ ఆల్బమ్‌ని మళ్లీ మిక్స్ చేసి విడుదల చేయాల్సి వచ్చింది.

నిక్ డ్రేక్ సంగతి దీనికి తిరగేసినది. ఇంగ్లాండ్‌లో, 1969లో. నలుగురిలో నోరు విప్పని కుర్రాడు. వాద్యబృందం కోసం ప్రొడ్యూసర్ జో బాయిడ్ ఒక అనుభవజ్ఞుణ్ణి తెస్తే, ఇది కాదు అన్నాడు. కేంబ్రిడ్జ్‌లో తనతో చదువుకునే రాబర్ట్ కర్బీ చేస్తాడన్నాడు. కర్బీకి రికార్డింగ్ అనుభవం లేదు. కానీ ఆ తీగవాద్యాలు వినండి, గిటారుకి ఎక్కడ అడ్డం రాకూడదో తెలిసినవాడు రాసినవి. ఆల్బమ్ అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. నిక్ 1974లో, 26 ఏళ్లకే చనిపోయాడు. పేరు వచ్చింది ఆ తర్వాతే.

ఇంతసేపూ పాటగాడి మాటే నెగ్గాలి అన్నట్టు మాట్లాడుతున్నాను కదా. నా వాదనకి అడ్డం పడే కథ కూడా ఒకటుంది, దాటేస్తే అన్యాయం. పాల్ సైమన్, గార్ఫంకెల్ అనే గాయకుల జంట తొలి ఆల్బమ్ 1964లో వచ్చి చతికిలపడింది. ఇద్దరూ విడిపోయారు, పాల్ సైమన్ ఇంగ్లాండ్ వెళ్లిపోయాడు. 1965 జూన్‌లో ప్రొడ్యూసర్ టామ్ విల్సన్ అందులోని ఒక పాట టేపు తీసి, ఎలక్ట్రిక్ గిటారు, బేస్, డ్రమ్స్ దాని మీద ఎక్కించాడు. పాడినవాళ్లకి మాటమాత్రం చెప్పలేదు. 1966 జనవరికి ఆ పాట అమెరికాలో నంబర్ వన్. విడిపోయినవాళ్లు మళ్లీ కలిశారు. చెప్పకుండా చేసిన పని తప్పా? తప్పే అంటాను. చేయకపోయి ఉంటే ఆ జంట మనకి మిగిలేదా? అది మాత్రం అనుమానమే.

ఇప్పుడు టేపు లేదు. ఇంట్లో లాప్‌టాప్‌లో ఎన్ని ట్రాకులైనా వేసుకోవచ్చు, ఏది కావాలంటే అది తీసేయొచ్చు. కోహెన్ పడ్డ బాధ ఎవరికీ లేదు. కానీ ఆపేవాళ్లు కూడా లేరు. తొలి ఆల్బమ్‌కి సంతకం పెట్టబోయే కళాకారులకి నేను చెప్పేది ఒక్కటి. రాయల్టీ ఎంత అనే కాదు, చివరి మిక్స్‌కి సరే అనాల్సింది ఎవరో ఒప్పందంలో రాయించుకోండి. డబ్బు పెట్టినవాళ్ల మాట సహజంగానే గట్టిగా ఉంటుంది. మీది కాగితం మీద లేకపోతే ఎవరికీ వినపడదు.

చివరగా ట్రేసీ చాప్‌మన్. ఈమె పాటలు విని కొందరు ప్రొడ్యూసర్లు మాకొద్దన్నాక డేవిడ్ కెర్షెన్‌బామ్ ఒప్పుకున్నాడు. గొంతు, మాట ముందుండాలి, మిగతావి వెనక. బేస్, డ్రమ్స్ వాయించేవాళ్లని కూడా అందుకు తగ్గట్టే వెతికి పట్టుకున్నారు. బేస్ వాయించింది లారీ క్లైన్, అప్పట్లో జోనీ మిచెల్ భర్త. 1988 ఏప్రిల్‌లో ఆల్బమ్ వచ్చింది. జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీ. ఆమె తన వంతు పాడేసి వచ్చేసింది. తర్వాత స్టీవీ వండర్ పాడాలి, ఆయన పరికరానికి కావాల్సిన హార్డ్ డిస్క్ కనపడలేదు. టెన్షన్ పడ్డ నిర్వాహకులు ఆమెనే మళ్లీ వేదిక మీదకి పంపారు. ఒక గిటారుతో, ఒక్కతే, 'ఫాస్ట్ కార్' పాడింది. ఆ ఏడాదే ఆల్బమ్ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ నంబర్ వన్ అయింది.

2023లో ల్యూక్ కోంబ్స్ అనే కంట్రీ గాయకుడు అదే పాట పాడాడు. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గీతం అవార్డు రాసినందుకు చాప్‌మన్‌కి వచ్చింది, ఆ అవార్డు అందుకున్న తొలి నల్లజాతి రచయిత ఆమే. కోంబ్స్ బాణీ మార్చలేదు. కథ చెప్పేది ఆడమనిషి అని తెలిసే మాట ఒకటి ఆ పాటలో ఉంటుంది. మగవాడు పాడుతున్నాడని దాన్ని కూడా ముట్టుకోలేదు.