ఏసీల కూసొనేటోనికి అలుపేంది అంటరు

స్టేజి మీద ఉన్న సార్లకు, మేడమ్‌లకు, ముందట కూసున్న ఫైనలియర్ తమ్ముళ్లకు చెల్లెళ్లకు, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ మన పాత స్టూడెంట్లకు అందరికి నమస్తె. నిలబడ్డోళ్లు జర బాగ ఇనాలె, ఈ ముచ్చట అసలు మీదే, ఆల్రెడీ జాబులల్ల ఉన్నది మీరే గదా.

నన్ను పిలిచినప్పుడు మోటివేషన్ స్పీచ్ ఇయ్యమన్నరు. మన నల్లగొండ పిల్లలకు మోటివేషన్ ఏం తక్కువ లేదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల ఒక్క రూముల అరడజను మంది పండుకొని, అమీర్‌పేటల కోర్సులు చేసుకుంట, పండుగొస్తె ఎల్బీనగర్ల బస్సెక్కి చిట్యాల దాకా నిలబడే వచ్చేటోళ్లు మీరు, మీకు కష్టపడుండ్రి అని నేను చెప్తె నవ్వొస్తది. నేను మాట్లాడేది ఆ కష్టం ఫలించి జాబ్ వచ్చినంక ఏడాదికో రెండేండ్లకో మెల్లగ మొదలయ్యే బర్నౌట్ గురించి.

అలిసిపోవుడు వేరే, ఇది వేరే. అలిసిపోతె ఆదివారం పొద్దెక్కేదాకా పండుకొని ఇంత మటన్ తింటె సోమవారానికి మనిషి లేస్తడు. బర్నౌట్‌ల ఆదివారం మధ్యాహ్నం నుంచే కడుపుల దేవినట్టయితది, రేపు లాగిన్ కావాలె అని. 2019ల ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఐసీడీ-11 అనే తన రోగాల లిస్టుల పెట్టింది గని జబ్బు అని రాయలే, పని కాడ స్ట్రెస్ ఎడతెగకుండ నడిచి దాన్ని ఎవ్వలు సక్కదిద్దకపోతె వచ్చే పరిస్థితి అని రాసింది. మూడు గుర్తులు చెప్పింది: ఒంట్ల సత్తువ అయిపోవుడు, పని మీద మనసు విరిగిపోవుడు, ఏం చేసినా సరిగ్గ అయితలేదని అనిపించుడు.

మొదటిది అందరు పట్టుకుంటరు. రెండోదాన్నే ఎవ్వలు పట్టుకోరు, ఎందుకంటె అది మన స్వభావమే మారినట్టు కనపడ్తది. కొత్తల డ్యూటీల చేరిన స్టాఫ్ నర్సు పేషెంట్‌ను పెద్దమ్మా అని పిలుస్తది, నువ్వు తిన్నవా అని అడుగుతది. ఏడాది అయినంక అదే పిల్ల "ఏడో నంబర్ బెడ్డు" అంటది, ఆ పెద్దమ్మ రెండోసారి పిలిస్తె ఇసుక్కుంటది. ఇంట్లోళ్లేమొ జీతం రాంగనె పొగరొచ్చింది అనుకుంటరు. పొగరు కాదు, ఇచ్చేందుకు లోపల ఏం మిగల్లే. ఊర్ల పంచాయతి సెక్రెటరీ అయినా, ప్రైవేటు స్కూల్ల పొద్దుందాక నిలబడి పాఠం చెప్పి మల్ల అడ్మిషన్ల కోసం ఇల్లిల్లు తిరిగే టీచర్ అయినా ఇదే వరుస. ఫ్రాయిడెన్‌బర్గర్ అని న్యూయార్క్‌ల ఒక సైకాలజిస్టు, ఫ్రీగ నడిచే క్లినిక్‌ల పనిచేసుకుంట దీన్ని చూసి 1974ల రాసిండు. పని ఎగ్గొట్టేటోళ్లకు కాదు, మనసు పెట్టి చేసేటోళ్లకే ఇది ముందు తగుల్తది అన్నడు. అందుకని ఎవరన్న మీకు బద్ధకం అంటె నమ్మకుండ్రి, బద్ధకం ఉన్నోడు ఇంత దూరం రాడు.

మరి కెరీర్ మొదట్లనే ఎందుకు ఎక్కువ? క్రిస్టినా మాస్లాక్ అనే ప్రొఫెసర్ ఏండ్లకేండ్లు దీని మీదనే పని చేసింది. ఆమె చెప్పేదేందంటె పని బరువు ఒక్కటే కాదు, పని మీద మన మాట చెల్లుతదా, చేసినదానికి గుర్తింపు ఉందా, పక్కోళ్లతోని సోపతి ఉందా, న్యాయం నడుస్తదా, మన మనసుకు నచ్చే పనేనా, ఇయన్ని కలిస్తెనే లెక్క. కొత్తగ చేరినోనికి బరువు ఫుల్లు, మాట చెల్లుడు సున్నా. షిఫ్టు ఎవడో వేస్తడు, డెడ్‌లైన్ ఎవడో ఒప్పుకుంటడు, రాత్రి పదింటికి గ్రూపుల మెసేజ్ వస్తె "ఓకే సార్" అని పెట్టేది మనం. ఇగ గంటల లెక్క కూడ ఉంది, వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేటోళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేటోళ్ల కంటె పక్షవాతం రిస్కు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐఎల్ఓ అనే అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021ల లెక్క తేల్చినయ్.

ఇంటికొచ్చి చెప్తె ఏమైతది? "మీ నాయిన బత్తాయి తోటల ఎండకు మాడిండు, నువ్వు ఏసీల కూసొని అలిసిపోయిన అంటవా." ఆ మాట అన్న తల్లిదండ్రుల తప్పు లేదు, వాళ్లు చూసిన కష్టం అది. కాని పొద్దుగూకంగ గడ్డపార పక్కన పెడితె ఆ పని ఆడికి ఆగుతది, మన పని జేబుల ఫోన్ల ఉండి అన్నం తినేకాడికి వస్తది. ఇంట్ల ఈ ఒక్క ముక్క కూసోబెట్టి చెప్పుండ్రి, ఒక్కసారికి అర్థం కాదు, మల్ల చెప్పుండ్రి.

బయటపడేందుకు ముందుగాల రక్తం చూపిచ్చుకోండ్రి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీ12, ఇండ్ల ఏది తేడా ఉన్నా ఇట్లనే నీరసం ఉంటది, గది ఉంటె మందుతోనే సగం పోతది. అటెన్క ఇంకొకటి చూసుకోవాలె. బతుకమ్మకు ఊరికొస్తె మనసు హాయిగ ఉండి, తిరుగు బస్సెక్కంగనె మల్ల బరువైతె అది పని కాడి సమస్యనే. పండుగ కూడ సప్పగనే ఉండి, తిండి నిద్ర పోయి, బతికి ఏం లాభం అనిపిస్తె మాత్రం అది డిప్రెషన్ కావొచ్చు, లీవులతోని తగ్గేది కాదు, డాక్టర్ దగ్గరికి పోవాలె. టెలీ మానస్ అని మనసు బాగలేనోళ్లు ఫోన్ చేసి మాట్లాడేందుకు సర్కారు పెట్టిన 14416 నంబర్ ఉంది, 2022 సంది నడుస్తుంది, ఫ్రీ, రాత్రి కూడ ఎత్తుతరు, తెలుగుల మాట్లాడొచ్చు.

లీవు పెడితె పోదా అని అడుగుతరు. లీవు మంచిదే, కాని ఆ హుషారు కొన్ని వారాలకే దిగిపోతది, పని అట్లనే ఉంటె. రోజు సాయంత్రం పని నుంచి మనసు పూర్తిగ తెంపుకునుడే ఎక్కువ పనికొస్తది, రీల్స్ చూసుడు అండ్ల రాదు, చేతులతోని ఏదన్న చేసుడు, షటిల్ ఆడుడు, నడుసుడు వస్తయ్. మేనేజర్ దగ్గరికి "సార్ నాతోని అయితలేదు" అని ఏడ్సుకుంట పోకుండ్రి. చేతుల ఉన్న పనులన్ని కాయితం మీద రాసి, ఈ వారం ఏది ముందు చేయాలె, ఏది ఆపాలె మీరే చెప్పుండ్రి అని అడుగుండ్రి, ఆ చెప్పింది మెయిల్ల పెట్టుండ్రి. మంచోడైతె రెండు తీసేస్తడు. అన్ని ముందే అన్నడంటె ఆడ మీకు భవిష్యత్తు లేదని తెలిసిపోతది, గంతే.

తెలిసినంక కూడ వదులలేకపోతరు, అసలు చిక్కు ఆడనే ఉంది. పాలమూరు లేబర్ గురించి ఇన్నరు గదా, దేశమంత డ్యాములు కట్టిన్రు. గుంపు మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్స్ తీసుకునేది, ఇగ ఎంత గోస పెట్టినా ఆ అడ్వాన్స్ తీరేదాకా వచ్చేందుకు లేదు. ఇప్పుడు మన పిల్లల బైక్ ఈఎంఐ, ఐఫోన్ ఈఎంఐ, అక్క పెండ్లి అప్పు, కంపెనీ రాయించుకున్న రెండేండ్ల బాండు అసొంటియే. అందుకని నన్నడిగితె మొదటి జీతం సంది నాలుగైదు నెలల ఖర్చు పక్కకు పడేదాకా కొత్త ఈఎంఐ ముట్టుకోకుండ్రి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవ్వలకు ఇచ్చి రాకుండ్రి, బాండు మీద సంతకం పెట్టేముందు తెలిసిన లాయర్‌కు ఒక్కసారి చూపిచ్చుండ్రి. ఆ పైసలు ఖాతాల ఉన్నోని గొంతు మేనేజర్ ముందట వేరే తీరుగ ఉంటది, నేను మస్తు మందిని చూసిన.

ఇగ మైకు వెనక్కి పంపుండ్రి, ముందు ఆ నిలబడ్డోళ్లను అడగనియ్యుండ్రి.