తద్దినం గుర్తుంది, సంవత్సరం గుర్తులేదు

అందరికీ నమస్కారం. ఉపదేశం చేయను, భయపడకండి. మా తాత పోయిన తిథి ఇంట్లో అందరూ టక్కున చెప్తారు, ఏ సంవత్సరం అంటే మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. తొలి క్రైస్తవ పునీతుల విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది.

క్యాలెండర్లో ఉండే పునీతుల పండుగ వాళ్ల పుట్టినరోజు అనుకుంటాం. చాలామందికి అది చనిపోయిన రోజు. ఆ రోజే పరలోకంలో పుట్టారని అప్పటివాళ్ల లెక్క.

స్ముర్న పీఠాధిపతి పొలికార్పునే తీసుకోండి. ప్రకటన గ్రంథంలో చదివే స్ముర్నే, ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్. క్రీస్తును తిట్టు, వదిలేస్తానని గవర్నరు అంటే ఆ ముసలాయన, 86 ఏళ్లుగా సేవిస్తున్నాను, నాకే కీడూ చేయనివాణ్ణి ఎలా తిట్టను అన్నాడు. దాంతో ఆయన్ను చంపేశారు. అక్కడి సంఘం ఇదంతా వేరే ఊరి సంఘానికి ఉత్తరం రాసింది. దాని చివర నెల, తేదీ, మధ్యాహ్నం రెండు గంటలప్పుడని వేళతో సహా, గవర్నరు స్టాటియస్ క్వాడ్రాటస్ పేరుతో సహా ఉన్నాయి, సంవత్సరం మాత్రం లేదు! ఏటా కూడి తలుచుకోవడానికి ఫిబ్రవరి 23 అని తెలిస్తే చాలు కదా. గవర్నరు పేరును బట్టి 155 లేదా 156 అని ఎక్కువమంది అంటారు, పాత చరిత్రకారుడు యూసేబియస్ మాత్రం రోమా చక్రవర్తి మార్కస్ ఔరేలియస్ కాలంలో, అంటే 161 తర్వాత పెట్టాడు.

నన్ను బాగా కదిలించేది పెర్పెతువ. ఊరు కార్తేజి, ఇప్పటి ట్యునీసియా. వయసు 22 దరిదాపుల్లో, చంటిబిడ్డ తల్లి. క్రైస్తవురాలైనందుకు జైల్లో పెట్టారు. జైల్లో చీకటి, ఉక్క, బిడ్డ ఆకలి, ముసలి తండ్రి వచ్చి కాళ్లమీద పడి బతిమాలడం, ఇవన్నీ స్వయంగా రాసుకుంది. ఆ కాలం నుంచి ఒక క్రైస్తవ స్త్రీ సొంత మాటలు మనదాకా రావడమే అరుదు. తోటి ఖైదీ ఫెలిసిటీ బానిస, ఎనిమిదో నెలలో జైల్లోనే ఆడపిల్లను కంది, ఆ పసిదాన్ని ఒక సోదరి పెంచుకుంది. వీళ్లను మృగాల ముందుకు తోసింది గేటా అనే రాజకుమారుడి పుట్టినరోజు ఆటల్లో. మార్చి 7 అన్న తేదీ గట్టిగా నిలబడింది, సంవత్సరం 203 అని లెక్కగట్టారు.

హిప్పో పీఠాధిపతి అగస్టీనుకు ఈ ఇబ్బంది లేదు, తన గురించి తానే బోలెడంత రాసుకున్నాడు. 354 నవంబరు 13న తగాస్తేలో పుట్టాడు, 430 ఆగస్టు 28న హిప్పోలో పోయాడు, అప్పటికి వాండల్ అనే జర్మన్ తెగ సైన్యం ఊరిని చుట్టుముట్టి ఉంది. రెండు ఊళ్లూ ఇప్పుడు అల్జీరియాలో ఉన్నాయి.

టర్కీ, ట్యునీసియా, అల్జీరియా. మన పటాల్లో మాత్రం అందరూ ఇటలీ వాళ్లలాగే ఉంటారు!

అన్నట్టు, మీలో ఆంథోనీలు ఉంటే ఏ ఆంథోనీ పేరు పెట్టారో ఇంట్లో అడగండి. పండుగ జనవరి 17 అయితే 356లో పోయిన ఈజిప్టు ఎడారి సన్యాసి. జూన్ 13 అయితే బాలయేసును ఎత్తుకున్న పాదువా ఆయన, 1231లో పోయాడు. ఇద్దరి మధ్యా దాదాపు 900 ఏళ్లు.