స్టింగ్‌రేకు కొత్త ఇంజిన్: ఎక్కడిదాకా మార్చవచ్చు?

వ్యాఖ్యాత: నమస్కారం. 1963 నాటి షెవర్లే కార్వెట్ స్టింగ్‌రే కూపేను (రెండు తలుపుల, కప్పున్న కారును) బాగుచేస్తూ, అందులో నేటి ఇంజిన్, బ్రేకులు బిగించే పద్ధతిని అమెరికాలో రెస్టోమాడ్ అంటున్నారు. ఇందులో హద్దు ఎక్కడ గీయాలన్నదే నేటి చర్చ.

పునరుద్ధరణ నిపుణుడు: ముందుగా వెనుక అద్దం సంగతి చెప్పనివ్వండి. ఆ అద్దాన్ని నడిమధ్యన రెండుగా చీల్చే వెన్ను ఉండాలని డిజైన్ అధిపతి బిల్ మిచెల్ పట్టుబట్టారు; వెనుక వచ్చే బండి కనబడదని ఇంజినీరు జోరా ఆర్కస్ డంటోవ్ అభ్యంతరం చెప్పారు. 1964లో ఒకే అద్దం వచ్చింది. అప్పుడు కొందరు యజమానులు తమ 1963 కారు పాతబడిపోయిందనుకుని, ఆ వెన్నును కోయించి కొత్త అద్దం పెట్టించుకున్నారు. ఆనాటికి అదే ఆధునికీకరణ. 1963 మోడల్‌గా తయారైన 10,594 కూపేలను నేడు అందరూ వెతుకుతున్నది మాత్రం ఆ వెన్ను కోసమే. అలా కోసిన కారు ఒకటి నా చేతికి వచ్చింది. పైకప్పు లోపలి గుడ్డ విప్పితే, ఫైబర్‌గ్లాస్ మీద వంకరటింకర రంపపు గాట్లు, వాటిపై మెత్తిన మందపాటి లప్పం కనిపించాయి. చాలా బాధ కలిగింది.

ఇంజినీరు: ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా బ్రేకుల విషయంలో రాజీపడలేను. ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఘాట్ రోడ్డులో పదేపదే తొక్కితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. 1965లో కంపెనీయే నాలుగు డిస్క్ బ్రేకులు ఇచ్చింది కాబట్టి, ఆ మార్పు కారు స్వభావానికి పరాయిది కాదు.

వ్యాఖ్యాత: మరి ఇంజిన్?

ఇంజినీరు: అప్పటి 327 ఘనపు అంగుళాల (సుమారు 5.4 లీటర్ల) వీ8లో, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లో, అత్యధికంగా 360 హార్స్‌పవర్ వచ్చేది, ఇప్పుడు ఎక్కువగా వాడే 6.2 లీటర్ల షెవర్లే ఇంజిన్ ఎల్‌ఎస్3కి 430. అప్పట్లో సైలెన్సర్ వంటి భారాలు లేకుండా ఇంజిన్ను విడిగా కొలిచేవారు కనుక, నిజమైన తేడా ఈ అంకెలు చూపే దానికంటే ఎక్కువే. ఐదు గేర్ల పెట్టె కూడా వేస్తే హైవే మీద ఇంజిన్ రొద తగ్గి, దూరప్రయాణం హాయిగా ఉంటుంది.

పునరుద్ధరణ నిపుణుడు: వేయండి, కాదనను. కానీ పాత ఇంజిన్ను తుక్కుకు వేయవద్దు. కుడివైపు సిలిండర్ హెడ్డు ముందు, బ్లాకు మీద చిన్న చదునైన చోట ముద్రించిన సంఖ్యలే ఆ ఇంజిన్ ఆ కారుదేనని చెప్పే సాక్ష్యం. బోల్టు విప్పితే పోయే మార్పు ఏదైనా నాకు సమ్మతమే. రంపం పట్టవలసి వస్తే మాత్రం ఒప్పుకోను.

ఇంజినీరు: అలాగైతే, వెనుక అడ్డంగా ఉండే కమాను పట్టీ బదులు కాయిల్ స్ప్రింగులు అమర్చిన కొత్త చాసీ మీదికి బాడీని ఎత్తిపెట్టడమే మేలు. అసలు చాసీ కోత పడకుండా షెడ్డులో భద్రంగా ఉంటుంది.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఇలాంటి కారు కొనదలచినవారు మొదట ఏం చూడాలి?

పునరుద్ధరణ నిపుణుడు: రంగు చూసి మురిసిపోకూడదు. ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు గాని, దాని లోపల అద్దం చుట్టూ, తలుపుల స్తంభాల వెంట ఉన్న ఉక్కు చట్రం తుప్పు పడుతుంది. ముందు సీటులో కాళ్లు పెట్టే చోట పక్క పలకలు విప్పి, టార్చి వేసి, ఆ స్తంభాల అడుగు భాగాన్ని స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి; మొన దిగబడితే, ఇంజిన్ మాట పక్కనబెట్టి ముందు ఆ చట్రానికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేయించుకోండి.