అర్ధరాత్రి మెలకువ: ఎన్నింటికి లేచారన్నదే కాదు, ఎన్నింటికి తిన్నారన్నది కూడా చూడాలి

నమస్కారం. పడుకోగానే నిద్ర పట్టేస్తుంది. కానీ ఒంటిగంటకో మూడింటికో కళ్లు తెరుచుకుంటాయి, ఇక రెప్ప పడదు. నిద్ర పట్టకపోవడం ఒక సమస్య, పట్టిన నిద్ర నిలవకపోవడం ఇంకో సమస్య. ఈ వీడియో రెండోదాని గురించి.

శరీరాన్ని కఫం, పిత్తం, వాతం అనే మూడు దోషాలు నడుపుతాయంటుంది ఆయుర్వేదం. ఆ వైద్య గ్రంథాల్లో ఒకటైన అష్టాంగహృదయం మొదటి అధ్యాయంలోనే ఒక లెక్క కనిపిస్తుంది. వయసుకి, పగటికి, రాత్రికి, తిన్న ఆహారానికి, ఈ నాలుగింటికీ మొదట్లో కఫం, మధ్యలో పిత్తం, చివర్లో వాతం బలంగా ఉంటాయని. రాత్రి సంగతి అందరూ చెబుతారు: ఆరు నుంచి పది కఫం, పది నుంచి రెండు పిత్తం, రెండు నుంచి ఆరు వాతం. ఆ అంకెలు రాత్రి సరిగ్గా పన్నెండు గంటలున్నప్పుడే కుదురుతాయి. సాయంత్రం 5:40కి పొద్దుగూకి, ఉదయం 6:40కి తెల్లవారే చలికాలంలో రాత్రి 13 గంటలు. మూడు భాగాలు చేస్తే ఒక్కోటి 4 గంటల 20 నిమిషాలు. అప్పుడు పిత్త సమయం 2:20 దాకా సాగుతుంది. కాబట్టి "నాకు రెండుంబావుకి మెలకువ వస్తోంది, ఇది వాతమే" అని గడియారం చూసి తేల్చేయకండి.

చాలామంది వదిలేసేది ఆ నాలుగింటిలో చివరిది, తిన్న ఆహారం. అన్నం అరిగేటప్పుడు కూడా అదే వరస నడుస్తుంది: తినగానే కఫం, అరుగుతున్నప్పుడు పిత్తం, అరిగాక వాతం. అంటే ప్రతి రాత్రీ రెండు లెక్కలు ఒకదాని మీద ఒకటి నడుస్తుంటాయి. రాత్రి పదింటికి కారంగా, పులుపుగా భోంచేసి పదిన్నరకి పడుకుంటే, ఆహారపు పిత్త దశ, రాత్రి పిత్త దశ రెండూ కలిసి ఒంటిగంట ప్రాంతంలో ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పు, దాహం. దీనికి తలకిందులు ఇంకొకటి ఉంది. బరువు తగ్గాలని సాయంత్రం ఆరింటికే రెండు పండ్లు తిని ఊరుకునేవాళ్లకి, ఆ కాస్తా త్వరగా అరిగిపోతుంది. తెల్లవారుజామున ఖాళీ కడుపులో గాలి, ఆకలి, మెలకువ. ఇద్దరికీ మాత్రలు ఏవీ అవసరం లేకపోవచ్చు. మొదటివాళ్లు భోజనాన్ని పడకకి మూడు గంటల ముందుకి జరపాలి, రెండోవాళ్లు ఆ సాయంత్రం తిండిని వేడిగా, కాస్త నెయ్యితో, కడుపుకి ఆనేలా చేసుకోవాలి. రాత్రి సమయాన్ని మనం మార్చలేం, భోజనం సమయాన్ని మార్చగలం.

అన్నట్టు, "ఒంటిగంట నుంచి మూడు వరకు కాలేయం, మూడు నుంచి ఐదు ఊపిరితిత్తులు" అనే చార్ట్ ఆయుర్వేదం పేరుతో తిరుగుతోంది. అది చైనా సంప్రదాయ వైద్యంలోని అవయవాల గడియారం. రెంటినీ కలిపి, మూడింటికి లేచినవాళ్లందరికీ లివర్ టానిక్ చెప్పడం సరికాదు.

ఇక సమయంతో పాటు వచ్చే లక్షణాలు. నా ఉద్దేశంలో సమయం కన్నా వీటికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

వాతం వల్ల వచ్చే మెలకువ ఇలా ఉంటుంది: చిన్న చప్పుడికే ఉలిక్కిపడతారు, పాదాలు చల్లగా ఉంటాయి, నోరు ఎండిపోతుంది, పొట్టలో గాలి తిరుగుతుంది, మనసు రేపటి పనుల జాబితా మొదలుపెడుతుంది. మలబద్ధకం తరచూ తోడుంటుంది. వయసు పైబడినవాళ్లలో ఇదే ఎక్కువ. వీళ్లకి బాగా పనికొచ్చేది పాదాభ్యంగం, అంటే పాదాలకి నూనె మర్దన. ఒక్కో పాదానికి ఒక టీ స్పూను నువ్వుల నూనె, అంటే సుమారు 5 మిల్లీలీటర్లు, గోరువెచ్చగా చేసి, మడమ నుంచి వేళ్ల దాకా, వేళ్ల సందుల్లో కూడా, ఐదేసి నిమిషాలు నెమ్మదిగా రుద్దాలి. గట్టిగా నలపకూడదు. ఆ తర్వాత అరికాళ్లని పొడి గుడ్డతో తుడవాలి. ఇది మరచిపోతేనే ప్రమాదం: అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచి, నూనె కాళ్లతో పెద్దవాళ్లు జారిపడతారు. షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు నూనె వేడిని పాదంతో చూడకూడదు, ఇంట్లో ఇంకొకరి చేత్తో చూపించుకోవాలి.

పాల సంగతికొస్తే, నిద్ర తెప్పించేవాటిలో గేదె పాలది మొదటి స్థానం అని చరకసంహిత చెబుతుంది. అవి బరువు. అరుగుదల బాగుంటేనే తాగాలి. అశ్వగంధ వేసి కాచే పద్ధతిని క్షీరపాకం అంటారు. శాస్త్రం చెప్పే కొలత: మందు ఒక వంతు, పాలు ఎనిమిది వంతులు, నీళ్లు ముప్పైరెండు వంతులు. అంటే 5 గ్రాముల కచ్చాపచ్చా పొడికి 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీళ్లు. సన్నని సెగ మీద నీళ్లన్నీ ఇగిరి 40 మిల్లీలీటర్లే మిగిలేదాకా కాచి వడకట్టాలి. మెత్తటి చూర్ణం వేస్తే అడుగంటుతుంది, వడకట్టడానికీ కుదరదు. వేడి పాలలో చెంచాడు పొడి కలిపి తాగడం క్షీరపాకం కాదు. పడకకి గంట ముందు తాగితే, ఆ పాల వల్లే మళ్లీ మూత్రానికి లేవాల్సిన పని ఉండదు.

కానీ అశ్వగంధ ఉష్ణవీర్యం, వేడి చేస్తుంది. మెలకువ పిత్తం వల్ల వస్తుంటే, అంటే ఒళ్లు వేడెక్కి, చెమట పట్టి, దుప్పటి తన్నేసి, చిరాగ్గా లేస్తుంటే, నువ్వుల నూనె, అశ్వగంధ, శొంఠి పాలు అన్నీ ఎదురు తిరుగుతాయి. వీళ్లు పాదాలకి కొబ్బరినూనె గానీ నెయ్యి గానీ రాసుకోవాలి. రాత్రి భోజనంలో పులుపు, కారం, వేపుళ్లు తగ్గించాలి. మద్యం మొదట్లో నిద్ర తెప్పించి, రాత్రి రెండో సగంలో లేపేస్తుంది. వీళ్లలో చాలామంది చేసే పని ఇంకొకటి: తొమ్మిదిన్నరకి కళ్లు మూతలు పడుతుంటే ఆపుకుని ఫోన్ చూస్తారు. మూత్రం, తుమ్ములాగే నిద్ర కూడా ఆపుకోకూడని వేగాల్లో, అంటే ఒంట్లో సహజంగా పుట్టే ప్రేరణల్లో, ఒకటి. కఫ సమయం దాటితే పిత్తం లేస్తుంది, ఇక పదకొండు దాకా హుషారే.

కఫం వల్ల అయితే గురక, ముక్కు దిబ్బడ, పొద్దున తలబరువు. వీళ్లకి రాత్రి పాలు, పెరుగు రెండూ వద్దు. రాత్రి పెరుగు తినొద్దని చరకుడు అందరికీ చెప్పాడు, వీళ్లకి అది మరీ వర్తిస్తుంది. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేస్తుంటే మాత్రం నూనెలు, కషాయాలు పక్కన పెట్టి, స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోండి. రాత్రికి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేస్తుంటే షుగర్, మగవాళ్లైతే ప్రోస్టేట్ కూడా చూపించుకోవాలి. జ్వరంతో, బరువు తగ్గుతూ రాత్రి చెమటలు పడుతుంటే పిత్తం అని సరిపెట్టుకోవద్దు.

అశ్వగంధ గురించి ఇంకో రెండు మాటలు. గర్భిణులు, కాలేయ సమస్య ఉన్నవాళ్లు వాడకూడదు. థైరాయిడ్ మందులో, నిద్రమాత్రలో వాడుతున్నవాళ్లు వైద్యుణ్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు. నిద్ర కోసం జాజికాయ పొడి వాడితే చిటికెడు మించకూడదు, ఎక్కువైతే వాంతులు, గుండెదడ, భ్రాంతి. సర్పగంధ అనే మూలిక బీపీని పడేస్తుంది, దాన్ని సొంతంగా కొని వాడొద్దు.

మెలకువ వచ్చిన ఆ క్షణంలో? గడియారం చూడొద్దు. మూత్రం వస్తే వెళ్లండి, ఆపుకోవద్దు. నోరు ఎండితే ఒక గుక్కెడు నీళ్లు చాలు, గ్లాసు నిండా వద్దు. పావుగంట దాటిందనిపించినా నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో ఊరికే కూర్చోండి, కునుకు రాగానే పడక మీదికి రండి. తొమ్మిదింటికే పడుకుని నాలుగున్నరకి తేటగా లేచేవాళ్లకి ఇదేమీ అక్కర్లేదు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలయ్యే బ్రాహ్మీముహూర్తం లేవదగ్గ సమయమే.

పోయిన నిద్ర మాటేమిటి? అష్టాంగహృదయంలో ఒక కొలత ఉంది: అలవాటు లేని జాగరణ అయితే, మేలుకున్న కాలంలో సగం, ఉదయం ఏమీ తినకముందు పడుకోవాలి. రెండు గంటలు పోతే ఒక గంట. తిన్నాక పడుకుంటే కఫం పెరుగుతుంది. ఇది ఎప్పుడో ఒక రాత్రి నిద్ర చెడినవాళ్లకి. రోజూ మెలకువ వచ్చేవాళ్లు ఇలా రోజూ పొద్దున పడుకుంటే రాత్రి నిద్ర ఇంకా పలచబడుతుంది. వాళ్లు ఎంత రాత్రి పాడైనా ఉదయం ఒకే సమయానికి లేవాలి.