మాగ్నెట్లతోని బోరు మోటర్ నడుస్తదా? సైకిల్ చక్రంతోని చూద్దాం

నమస్తే అందరికి. ఇగో టేబుల్ మీద ఉన్నది పాత సైకిల్ ముందటి చక్రం, దీని అంచు చుట్టూ పన్నెండు నియోడైమియం మాగ్నెట్లు అతికించిన, వీటికే 1,400 అయినయ్. ఇదంతా మా బావ వల్ల.

బావది మిర్యాలగూడ దిక్కు, బత్తాయి తోట, 5 హెచ్‌పీ బోరు మోటర్. వాట్సాప్‌ల ఒక వీడియో పంపిండు, ఫ్యాన్ రెక్కలకు మాగ్నెట్లు పెట్టి పక్కన ఇంకో మాగ్నెట్ పట్టుకుంటే ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది, దాంతోని బల్బు కూడా వెలుగుతుంది. "కరెంటుతోని పనే లేదురా, ఒకాయన మాగ్నెట్ జనరేటర్ చేసిస్తడట, అడ్వాన్స్ 20 వేలు ఇయ్యమంటుండు" అన్నడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే నాలుగు రోజులు చెట్లు వాడుతుంటె చూసినోడికి ఆశ పుడుతది, నేనేం నవ్వలేదు. జర ఆగు బావా, ముందు నేను చేసి చూస్త అన్న.

(చేతిల మాగ్నెట్ పట్టుకుని చక్రం దగ్గరికి తెస్తున్న)

చూడుండ్రి... ఉరికింది! ఇగో ఇక్కడనే అందరు మోసపోతరు, వీడియో ఇక్కడ కట్ చేస్తే పది లక్షల వ్యూస్. కట్ చెయ్యకుండ చూడుండ్రి. అటు పోయింది, ఇటొచ్చింది, ఊగింది... ఆగింది. ఎన్నిసార్లు చేసినా గంతే.

ఎందుకు ఆగిందంటే, చక్రం మీది మాగ్నెట్ నా చేతి దగ్గరికి వచ్చేదాక నా మాగ్నెట్ గుంజుతది, అందుకే స్పీడు వచ్చింది, కానీ దాటి పోయేటప్పుడు కూడా అదే మాగ్నెట్ అంతే బలంతోని ఎనకకు గుంజుతది కదా, వచ్చేటప్పుడు ఇచ్చింది పోయేటప్పుడు వసూలు చేసుకుంటది. పైనుంచి బేరింగ్ రాపిడి, గాలి, వాటి కమిషన్ వేరే. గిన్నె అంచు నుంచి గోలీ వదిలితే కిందికి ఉరుకుతది, అవతలి అంచు ఎక్కబోయి మల్ల ఎనకకు వస్తది, చివరికి అడుగున కూసుంటది. ఇది గంతే.

మరి గుంజుడు కాకుండ నెట్టేటట్టు తిప్పి పెడితే? బావ కూడా ఇదే అడిగిండు. దగ్గరికి రానియ్యది ముందు, తోసుకొని వస్తేనే అవతలికి నెడుతది, లెక్క మారదు. ఏటవాలుగ పెట్టిన, రెండు వరుసలు పెట్టిన, రాత్రి ఒంటిగంట దాక పెట్టిన. ఆఖరికి తెలివి చేసిన, దాటే టైంకి మధ్యల ఇనుప రేకు అడ్డం పెడితే ఎనకకు గుంజదు కదా అని. రేకును మాగ్నెట్ పట్టుకుంది, మల్ల గుంజి తీస్తుంటె చెయ్యి నొచ్చింది! అంటే ఆ బాకీ నా చెయ్యి కట్టిందన్నట్టు.

మన దగ్గరనే ఇంకో ఉదాహరణ ఉంది. ఈగలపెంట కాడ శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్ తెలుసు కదా, ఆరు యూనిట్లు, ఒక్కోటి 150 మెగావాట్లు, రివర్సిబుల్ టర్బైన్లు. నీళ్లు కిందికి దూకితే కరెంటు పుడుతది, అదే టర్బైన్‌ను ఉల్టా తిప్పితే కింది నీళ్లను మల్ల పైకి ఎత్తుతది. గట్లయితే పైకి కిందికి తిప్పుకుంట కూసుంటే ఊరికెనే కరెంటు రావాలె కదా? రాదు. ఎత్తనీకె పట్టే కరెంటే ఎక్కువ, 100 యూనిట్లు పెడితే మామూలుగ 70, 80 తిరిగొస్తయ్. కరెంటు మిగిలినప్పుడు నీళ్లెత్తి దాచుకుంటరు, అవసరమైనప్పుడు దించుతరు. వానలకు వచ్చే నీళ్లు మాత్రం ఫ్రీ, వాటిని మోసింది సూర్యుడు. మాగ్నెట్‌కు అసొంటి సూర్యుడు లేడు.

అసలు మజా ఏందంటే బావ బోరుల ఉన్న సబ్‌మెర్సిబుల్ మోటర్‌ల మాగ్నెట్టే లేదు! వైండింగ్ షాపుల విప్పినప్పుడు చూడుండ్రి, రాగి తీగ, ఇనుప రేకులు, మధ్యల రోటర్, గంతే. త్రీఫేజ్ కరెంటు సెకనుకు 50 సార్లు అటు ఇటు మారుకుంట ఆ తీగ చుట్టలల్లనే తిరిగే అయస్కాంతం తయారుచేస్తది, రోటర్ దాని ఎంటబడి ఉరుకుతది, నిమిషానికి 3,000 దగ్గర్లకు పోతది కానీ ఎన్నడూ అందుకోదు. అందుకుంటే పని బందు. మాగ్నెట్ ఉన్న మోటర్లల్ల కూడా తిప్పేది కరెంటే, దాటే క్షణంల కరెంటును తిప్పి గుంజేదాన్ని నెట్టేదిగ మారుస్తరు. నేను రేకుతోని చెయ్యబోయిన పని అది, అక్కడ బాకీ కరెంటు కడుతది. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్లల్ల మాగ్నెట్ ఉంటది, 75 వాట్ల బదులు 30 చుట్టూ తింటయ్, మంచివే, కానీ ప్లగ్ పీకితే ఆగుతయ్.

కామెంట్లల్ల "మాగ్నెట్‌ల ఉన్న శక్తిని వాడుతరు" అనేటోళ్ల కోసం ఒక లెక్క. కిలో నియోడైమియం మాగ్నెట్ నుంచి గుంజగలిగితే వచ్చేది కొన్ని పదుల జౌల్స్ (జౌల్ అంటే శక్తిని కొలిచే కొలత). 5 హెచ్‌పీ మోటర్ ఒక్క సెకనుకు చేసే పనే దగ్గరదగ్గర 3,730 జౌల్స్, తినేది ఇంకా ఎక్కువ. స్టార్టర్ చప్పుడు వినేలోపే అయిపోతది.

ఈ ఆలోచన కొత్తది కూడా కాదు, 1269లనే ఫ్రాన్స్‌కు చెందిన పెట్రస్ పెరెగ్రినస్ మాగ్నెట్ చక్రం గురించి రాసిండు, గిసొంటి యంత్రాలు ఇగ చూడమని పారిస్ సైన్స్ అకాడమీ 1775ల చెప్పేసింది.

మరి ఆ వీడియోల ఫ్యాన్ ఎట్ల తిరిగిందంటరా? అది కంప్యూటర్ ఫ్యాన్, నడుమ స్టిక్కర్ కింద గుండీ బ్యాటరీ పెట్టొచ్చు, ఫ్రేమ్ బయట నుంచి గాలి కొట్టొచ్చు. నేను కూడా బ్యాటరీ దాచి ఒకటి చేసిన, బావ నమ్మేసిండు.

అడ్వాన్స్ ఇయ్యలేదు. రెండు మాగ్నెట్లు తీసుకపోయి బోరు కాడ స్టార్టర్ డబ్బాకు అంటించి తాళంచెవి తగిలిచ్చిండు. "చూడు, ఇది రాత్రిపగలు తాళాన్ని మోస్తలేదా, మరి శక్తి లేదంటవేంది?" అన్నడు. బావా, గోడకు మొల కూడా సంచి మోస్తది, మొలతోని మోటర్ నడుపుతవా? తాళం కదులుతలేదు కదా, పట్టుకొని ఉండుడు వేరు, పని చేసుడు వేరు అన్న. కొద్దిసేపు ఏం మాట్లాడలే. తెల్లారి ఇంకో వీడియో పంపిండు, ఈసారి నీళ్ల ట్యాంకు, దాని కింద టర్బైన్, ఆ కరెంటుతోనే నీళ్లు మల్ల పైకి.